తవక్కుల్‌కీ రసీదు బుక్కు ఉంటుంది

మొన్న జుమా నమాజ్ అయ్యాక మా మొహల్లా మస్జిద్‌లో ఒక నౌజవాన్ లేచి, రంజాన్‌లో పోగైన చందా హిసాబ్‌ని నోటీసు బోర్డు మీద పెట్టమని అడిగాడు. అడిగింది అంతే. కమిటీ పెద్దాయన ఒకరు ముఖం ఎర్రగా చేసుకుని, "అల్లాహ్ ఘర్‌ని అల్లాహే చూసుకుంటాడు. నీకు తవక్కుల్ లేదా బేటా?" అన్నాడు. పిల్లాడు తల దించుకుని కూర్చున్నాడు. నేనూ నోరెత్తలేదు. ఇన్నేళ్లుగా పత్రికలో సర్కారు లెక్కలు అడిగేవాణ్ని, అక్కడ మాత్రం చెప్పులు వెతుక్కుంటూ బయటికొచ్చేశాను. ఆ షర్మిందగీతోనే ఇది రాస్తున్నా.

ఆ రాత్రి నాకు గుర్తొచ్చిన మనిషి ముసల్మాన్ కాదు, ఈసాయీ. జార్జ్ ముల్లర్. 1805లో ప్రష్యాలో పుట్టి, ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో స్థిరపడిన పాస్టర్. 1836లో అక్కడొక అద్దె ఇంట్లో యతీంఖానా తెరిచాడు. ఏ మనిషినీ పైసా అడగను, అవసరమేదైనా దువాలో ఖుదాకే చెప్పుకుంటాను, అప్పు మాత్రం చేయను అన్నది ఆయన పట్టుదల. 1870 నాటికి యాష్లీ డౌన్ అనే చోట ఐదు పెద్ద భవనాలు లేచాయి. 1898లో ఆయన పోయేనాటికి పదివేలమందికి పైగా యతీమ్ పిల్లలు ఆ నీడన పెరిగారు.

క్రైస్తవ మిత్రులు ఆయన గురించి చెప్పేటప్పుడు, పిల్లలు ఖాళీ పళ్లేల ముందు కూర్చుని దువా చేస్తే రొట్టెలూ పాలూ వచ్చిన కథ చెబుతారు. మంచి కథే. కానీ విలేఖరిని కదా, నాకు రసీదు బుక్కు మీదే కన్ను. ఇచ్చినవాళ్లకు రసీదు ఇచ్చేవాడు. ఎవరో ఇచ్చిన పళ్లేలు, చెంచాలు కూడా లెక్కలో రాశాడు. ప్రతి ఏటా వచ్చిందెంతో, పోయిందెంతో అచ్చువేసి జనం ముందు పెట్టాడు. ఈ రిపోర్టు కూడా ఒక రకంగా అడుక్కోవడమే కదా అని విమర్శించినవాళ్లూ ఉన్నారు. 1841 చివర్లో చేతిలో డబ్బు బాగా తగ్గినప్పుడు, అడుగుతున్నట్టు ఉంటుందని ఆ ఏటి రిపోర్టునే వాయిదా వేశాడాయన. తర్వాత వేశాడు, ఎగ్గొట్టలేదు.

ఆయన మనకు మరీ పరాయివాడు కాదు. ఆయన బావమరిది ఆంథనీ నారిస్ గ్రోవ్స్, మునుపు బాగ్దాద్‌లో ఉన్నవాడు, 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరిని మన తీరానికి తెచ్చాడు. నర్సాపురం చుట్టుపక్కల గోదావరి డెల్టా మిషన్ వాళ్లతోనే మొదలైంది.

అఖీదాలో మనకూ వాళ్లకూ తేడా ఉంది, దాన్ని దాచను. ఎవరినీ అడగననే ఆయన పట్టింపు కూడా నాకు పూర్తిగా మింగుడుపడదు. జకాత్ గరీబుల హక్కు, వెళ్లి వసూలు చేయాల్సిందే. అలా వసూలు చేసి వచ్చిన ఒకాయన, ఇది బైతుల్‌మాల్‌ది, ఇది నాకు తోఫాగా ఇచ్చారు అంటే, హుజూర్ (స.అ.స.) ఊరుకోలేదు. ఇంట్లో కూర్చుంటే ఆ తోఫా నీకు వచ్చేదా అని నిలదీశారు. ఒంటెను కట్టకుండా తవక్కుల్ అంటే ఒప్పుకోని రసూల్ ఆయన. మరి మన కమిటీకి ఈ తవక్కుల్ ఎక్కడ దొరికింది?

మినార్ లేస్తే అల్లాహ్ ఫజల్ అంటాం, నిజమే. లెక్క తేలకపోతే అదీ అల్లాహ్ మర్జీయేనా? మా గల్లీలో బీడీలు చుట్టే ఒక ఖాలా ఉంది. ప్రతి జుమాకి మనవడి చేతికి పదో ఇరవయ్యో ఇచ్చి డబ్బాలో వేయమంటుంది. ఆ నోటు సున్నానికి పోయిందో, ఇమామ్ సాబ్ జీతానికి పోయిందో తెలుసుకునే హక్కు ఆమెకు లేదా? ఆమె ఎప్పుడూ అడగదు. అందుకే ఇంకా భయం వేస్తుంది.

వచ్చే జుమాకి సఫ్‌లో ఆ పిల్లాడి పక్కన నిలబడతాను. సలామ్ తిప్పగానే ఇద్దరం కలిసే అడుగుతాం, ఒక్క కాగితం చాలు: వచ్చింది, పోయింది, మిగిలింది. ఆ పెద్దాయన నాకు వరసకు మామూ అవుతాడు. ఏటా బక్రీద్‌కి మా ఇంటికి గోష్త్ పంపుతాడు. ఈసారి రాకపోవచ్చని మా ఆవిడతో ముందే చెప్పాను.