హెడ్‌సెట్టా, మానిటరా?

బుగ్గారంలో ఇంట్లోనే ఫ్లయిట్ సిమ్యులేటర్ మొదలుపెట్టాలనుకుంటున్నారా? చేతిలో డబ్బు ఒక్కదానికే సరిపోతే ముందు మానిటరే కొనండి.

వీఆర్ పనికిరాదని కాదు. 2021లో యూరప్ విమానయాన భద్రతా సంస్థ రాబిన్సన్ ఆర్22 హెలికాప్టర్ వీఆర్ సిమ్యులేటర్‌ను శిక్షణకు ఆమోదించింది. తల తిప్పితే రన్‌వే కనిపిస్తుంది, నేల ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. కానీ క్వెస్ట్ 2లో కంటికి 1832 పిక్సెళ్ల వెడల్పే, అవి సుమారు 90 డిగ్రీల మేర పరుచుకుంటాయి. 24 అంగుళాల మానిటర్‌లో 1920 పిక్సెళ్లు, రెండడుగుల దూరం నుంచి చూస్తే, 50 డిగ్రీల లోపే ఇమిడిపోతాయి. అందుకే మీటర్లలో అంకెలు దీనిమీదే స్పష్టం. హెడ్‌సెట్ పెట్టుకుంటే పక్కనున్న చెక్‌లిస్టు కాగితం కూడా కనపడదాయె! మానిటరైతే కోడింగ్ టెస్టులకూ పనికొస్తుంది.

ఏది కొన్నా, కమర్షియల్ పైలట్ లైసెన్సుకు డీజీసీఏ అడిగే 200 గంటల్లో ఇంటి సిమ్యులేటర్ గంట ఒక్కటీ లెక్కకు రాదు.