ఇల్లు అరిగేదెంత?

మొన్న ఆదివారం మా మిత్రుడొకాయన శాలిబండలో కిందటేడు కొన్న ఇల్లు చూడటానికి ఇంజనీరు వస్తున్నాడంటే, ఊసుపోక నేనూ వెంట వెళ్ళాను. మిత్రుడిది బట్టల వ్యాపారం. వీధివైపు రెండు గదుల్లో దుకాణం పెట్టుకుని, వెనక వాటా పాత కిరాయిదారులకే ఉంచాడు. దస్తావేజులో స్థలానికీ కట్టడానికీ కలిపి ఒకటే ధర వేశారు. ఆదాయపు పన్నులో తరుగు అడగాలంటే ఆ రెంటినీ విడదీయాలి. నేల అరగదు గనుక దానికి తరుగు లేదు.

ఇంజనీరు టేపు పట్టి గదులన్నీ కొలిచాడు. సుత్తితో గోడ తట్టి చెవి ఒగ్గాడు. దూలం కొసన మేకు గుచ్చి చెద ఉందేమో చూశాడు.

"ఎప్పటి కట్టడం?" అన్నాడు.

కాగితం ఎవరి దగ్గరా లేదు. పక్కింటి పెద్దాయన మాత్రం, "తుగ్యానీకి ముందుదే, సాబ్" అన్నాడు. ఈ పేటల్లో పాత ఇళ్ళ వయస్సుకి 1908 నాటి మూసీ వరదే పంచాంగం.

గోడలు డంగు సున్నంవి. 1591 నాటి చార్మినారును నిలబెట్టింది కూడా సున్నం పట్టే. చట్టానికి ఆ భేదం లేదు. దుకాణంగా వాడుకునే కట్టడమైతే, సున్నమైనా సిమెంటైనా, ఏటా మిగిలిన విలువలో నూటికి 10 తరుగు. లక్ష రూపాయల కట్టడం పదేళ్ళకు కాగితం మీద సుమారు 34,900 అవుతుంది. పాపం, గోడకీ సంగతి తెలియదు!

"వెనక వాటాకి తరుగెంత?" అని అడిగాను.

"కిరాయికిచ్చిన ఇంటికి తరుగు లేదండీ. మునిసిపాలిటీ పన్ను పోగా మిగిలిన కిరాయిలో నూటికి 30 తీసేస్తారు. మరమ్మతు ఖర్చులన్నీ అందులోనే."

"మరమ్మతు చేయించకపోతే?"

"చేయించినా 30, చేయించకపోయినా 30."

మా మిత్రుడు చటుక్కున నావైపు చూసి, మళ్ళీ చూపు తిప్పుకున్నాడు. వ్యాపారి, ఆ లెక్క నాకంటే ముందే తట్టి ఉంటుంది. పాతబస్తీ సందుల్లో పిట్టగోడల మీద రావిమొక్కలు మొలిచిన మిద్దెలు ఎన్నో చూశాను. వారసుల తగాదాలు కారణమనుకునేవాణ్ణి. అవీ ఉన్నాయి, కాదనను.

బయల్దేరుతుంటే వెనక వాటా ముసలమ్మ తలుపు చాటునుంచి పలకరించింది: "వానలొచ్చేలోగా మిద్దె బాగు చేయిస్తారా, సేఠ్?"

ఆవిడ చూపించిన చోట దూలం కింద కర్ర పోటు పెట్టి ఉంది. ఇంజనీరు దాన్ని తన పుస్తకంలో రాసుకున్నాడు.

"చూద్దామమ్మా" అన్నాడు మా మిత్రుడు.