ఆ కుర్చీ ఎవరిది?

ఈమధ్య ఒక సెమినార్లో తెరమీద ఒక ఫొటో వేశారు. ఉక్కు గొట్టాల వాలుకుర్చీలో పడుకున్న యువతి, మొహం అటు తిప్పుకుని ఉంది. "లె కార్బూజియే కుర్చీ" అన్నాడు వక్త. ఆమె ఎవరని నేనడిగితే, "మోడల్ అయ్యుంటుంది లెండి" అని నవ్వేశాడు.

ఆమె షార్లొట్ పెరియాన్. ఆ కుర్చీని రూపొందించిన ముగ్గురిలో ఒకరు! 1927లో ఉద్యోగం కోసం వెళ్తే, తమ దగ్గర దిండ్లమీద కుట్లు కుట్టే పని లేదని లె కార్బూజియే తిప్పి పంపాడు. అదే ఏడాది పారిస్ ప్రదర్శనలో ఆమె లోహపు ఫర్నిచర్‌తో పెట్టిన బార్ చూశాక పిలిచి చేర్చుకున్నాడు. ఆ కుర్చీని మాత్రం 1965 నుంచి దశాబ్దాలపాటు ఆయన పొడి అక్షరాలతో 'ఎల్‌సి 4' అనే అమ్మారు.

1937లో ఆమె ఆ స్టూడియో వదిలేసింది. చాలామంది ఆమె కథ అక్కడే ఆపేస్తారు. 1940లో జపాన్ వెళ్ళి అదే వాలుకుర్చీని వెదురుతో చేసింది. యుద్ధం ముగిశాక ఫ్రాన్స్ తిరిగొచ్చి, మార్సెయ్‌లోని యూనితే ఇళ్ళకు హాల్లోకి తెరుచుకునే వంటింటి నమూనా తయారుచేసింది. అరవై దాటాక, 1967 నుంచి దాదాపు ఇరవయ్యేళ్ళు ఆల్ప్స్ కొండల్లో లెజార్క్ విడిది కట్టించే పనిలో ఉంది.

ఆ వంటింటితో నాకు పేచీ లేకపోలేదు. గోడ పోయింది గానీ గరిట చెయ్యి మారలేదు. ఆమెతో ఇలా వాదించాలన్నా ముందు ఆ పని ఆమెదని ఒప్పుకోవాలి కదా!

"స్టూడియోలో అందరూ కలిసే చేస్తారు, పేర్ల గొడవెందుకు?" అంటారు. సరే, ఆయన పేరూ తీసేయండి. ఉమ్మడి పని అన్న సంగతి ఆడవాళ్ళ పేరు దగ్గరే ఎందుకు గుర్తొస్తుంది? చండీగఢ్ కుర్చీలు పియెర్ జన్నరె పేరుతో విదేశాల్లో వేలమవుతున్నాయి. ఆయనతో కలిసి పనిచేసిన ఊర్మిళా యూలీ చౌదరి పేరు మనలో ఎందరికి తెలుసు?

నేనూ ఒక కథాసంకలనానికి రెండేళ్ళు సంపాదకత్వం చేశాను. ఆవిష్కరణ సభలో సహసంపాదకుడు ప్రసంగించాడు. నాకు "ప్రూఫులు దిద్దిన అమ్మగారు" అంటూ శాలువా కప్పారు. కప్పించుకుని నవ్వాను. ఆ నవ్వుకే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఇక శాలువాలు వద్దు. అట్టమీద పేరు కావాలి.