చీటీ రాసిన కార్మికుడు

ఎర్ర కాగితం విప్పి, మన పిల్లలు పుటుక్కున విరిచి తినే కిట్‌క్యాట్ తెలియని ఇల్లు లేదు. అది మొదట పిల్లల కోసం చేసిన సరుకు కాదు, డబ్బా పట్టుకొని పనికి పోయే మనిషి కోసం చేసింది అంటే మీరు నమ్ముతారా? నేను మొదట నమ్మలేదు.

ఇంగ్లండులో యార్క్ అని ఒక ఊరు. అక్కడ రౌంట్రీ వాళ్ల చాక్లెట్ కార్ఖానా. కార్మికులు తమకు తోచిన మాట రాసి వేయడానికి అందులో ఒక సలహాల పెట్టె ఉండేది. పనికి పోయేటోడు డబ్బాలో పెట్టుకునే చాక్లెట్ ఒకటి చేయండి అని ఓ కార్మికుడు అందులో చీటీ వేశాడని చెబుతారు. 1935లో ఆ సరుకు బజారుకు వచ్చింది. పేరు రౌంట్రీస్ చాక్లెట్ క్రిస్ప్, ధర రెండు పెన్నీలు. కిట్‌క్యాట్ అన్న పేరు 1937లో కలిపారు.

లోపల పలచని వేఫర్ పొరలు, పైన చాక్లెట్ పూత, నాలుగు పుల్లలు. ఛాయ్ సుట్టీలో ఒకటి తాను తిని, పక్కోడికి ఒకటి ఇయ్యొచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో పాలకు కరువొస్తే, 1942లో పాలు తక్కువ పట్టే నల్ల చాక్లెట్‌తో చేసి నీలం కాగితం చుట్టారు. యుద్ధం ముగిసి పాలు దొరికినంక ఎర్ర కాగితం మళ్లీ వచ్చింది.

రౌంట్రీ వాళ్లు 1906లోనే కార్మికులకు పింఛను నిధి పెట్టిన యజమానులు. 1988లో ఆ కంపెనీని నెస్లే కొన్నది. 2006లో యార్క్ కార్ఖానాలో 645 ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటన వచ్చింది. మిల్లు గేటు ముందు నోటీసు చదివిన మనకు ఆ ఇండ్లల్లో ఆ రాత్రి ఎట్లా గడిచి ఉంటదో ఒకరు చెప్పనక్కర లేదు.

నాకు గుచ్చుకునే సంగతి ఇంకొకటి ఉంది. కంపెనీ పేరు లోకమంతా ఎరుకే, చాక్లెట్ పేరు చంటిపిల్లకూ ఎరుకే. చీటీ రాసినాయన మాత్రం కథలో “ఓ కార్మికుడు” గానే మిగిలిపోయాడు.

మన మిల్లుల్లోనూ అంతే కదా. తెగిన నూలు ఎట్లా తొందరగా అతికించాలో, మొండికేసిన మగ్గాన్ని ఎట్లా దారికి తేవాలో కనిపెట్టినోళ్లు మన తాతలు, మన అమ్మలే. వాళ్లలో కొందరు ఇంకా మన అరుగుల మీద కూర్చొనే ఉన్నారు. ఈ నెల ఒక్క పని చేయండి. పక్కన కూర్చొని అడగండి, చెప్పింది రాసి పెట్టండి. మాట ఒక్కటే కాదు, మనిషి పేరు కూడా రాయండి.