వంగిన నడుముకు సూది కాదు, న్యాయం కావాలి

చెనిక్కాయ చేలల్లో వంగి కలుపు తీసింది మన నడుములే. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ మొదలైంది మన అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. అక్కడా గడ్డపార పట్టింది మనమే. నొప్పి అంటే భూమి ఉన్నోళ్లు ‘సోమరితనం’ అంటారు. సూది వేసేవాడు డబ్బు గుంజుతాడు.

అక్కలారా, అన్నలారా! నొప్పి నడుములోనే ఉంటే చాలావరకు కండరాలది, కీళ్లది. పిర్ర నుంచి మోకాలు దాటి పాదం దాకా లాగి తిమ్మిరెక్కితే నరం నొక్కుకున్నట్టు. అదే సయాటికా. రెంటికీ మంచం పట్టడం మందు కాదు. మెల్లగా నడవాలి, ఫిజియోథెరపీ కసరత్తు నేర్చుకోవాలి. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతాది. కాలు పట్టు తప్పినా, మూత్రం అదుపు తప్పినా అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి.

ఆ కసరత్తు నేర్పే మనిషి మన వాడకు ఎందుకు రాడు? మేమడిగేది దయ కాదు. మండలానికొక ఫిజియోథెరపిస్టును పెట్టండి, వాడవాడకూ పంపండి!