కాలయంత్రం ఖనిలో ఆగుతుందా?

సైన్సు ఫిక్షన్ అభిమానులు నలుగురు ఒకచోట చేరితే సైన్సే మాట్లాడుకుంటారనుకుంటున్నారా? పప్పులో కాలేశారన్నమాటే! గంటలో పావుగంట రాకెట్లు. మిగతా ముప్పావుగంట ఎండలు, టిక్కెట్ల ధరలు, సర్వపిండిలో పల్లీలు ఎన్ని వెయ్యాలి అనే మహా సమస్య! ఈమధ్య కరీంనగర్‌లో అలాంటి గోష్ఠిలో నేనూ ఇరుక్కున్నాను. రిటైరైన లెక్కల సారు, ఆదిలాబాద్ నుంచి వచ్చిన డిగ్రీ అమ్మాయి, గోదావరిఖని కుర్రాడు, నేను. నాలుగు చాయ్‌లు.

మాట ఎండతో మొదలైంది. "ఏం ఎండలు సార్! రామగుండంల బయటికొస్తే సూర్యుని మీద దిగినట్టే ఉంటది" అన్నాడు ఖని కుర్రాడు. సూర్యుడనగానే ఆదిత్యుడు, ఆదిత్యుడనగానే 'ఆదిత్య 369'. ఇక ఆపేదెవరు?

1991 జూలైలో వచ్చిన ఆ చిత్రాన్ని మన కుర్రకారు 2025లో మళ్లీ థియేటర్లలో చూసి ఈలలు వేశారు. బాలకృష్ణ కాలయంత్రమెక్కి 1526 నాటి రాయలవారి కొలువుకు వెళ్తాడు, తర్వాత 2504కు దూకుతాడు. హెచ్.జి.వెల్స్ 'ది టైమ్ మెషిన్' రాసింది 1895లో. అంటే మన తెర మీదికి కాలయంత్రం వచ్చేసరికి తొంభై ఆరేళ్లు పట్టిందన్నమాట! అన్నట్టు, దర్శకులు సింగీతం శ్రీనివాసరావు గారు ఆ కథను విమానంలో బాలసుబ్రహ్మణ్యం గారితో పిచ్చాపాటీగా చెబితే, అది బాలు గారికి నచ్చి, నిర్మాతను కుదిర్చారట. పిచ్చాపాటీని తక్కువ చేయకండి మరి!

"తొంభై ఆరేండ్లేంది? మనకు 1957లనే వచ్చింది. 'మాయాబజార్' సైన్సు ఫిక్షన్ కాదా?" అని లెక్కల సారు అడ్డుపడ్డారు. ఆ చిత్రానికి కె.వి.రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసింది కూడా సింగీతం గారే. "ప్రియదర్శిని యాది లేదా? పెట్టె తెరిస్తే మనకు ఇష్టమైనోళ్లు కండ్ల ముందు కనబడుతరు. మా పెద్దోడు దుబాయిల ఉన్నడు. రోజూ రాత్రి ఫోన్ల కనబడుతడు, మాట్లాడుతడు. నాలుగేండ్లాయె, ఎదురుంగ జూసి" అన్నారు. చాయ్ గ్లాసు కింద పెట్టి మళ్లీ ఆయనే అన్నారు: "పెట్టె కనిపెట్టిండ్రు గానీ, అందులకెంచి మనిషిని గుంజేది ఇంక కనిపెట్టలేదు."

కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. మళ్లీ సర్వపిండి మీదికే వెళ్లాల్సి వచ్చింది.

ఆదిలాబాద్ అమ్మాయి తక్కువదేం కాదు. "సార్, 'జురాసిక్ పార్క్' ఎప్పుడొచ్చింది?" అంది. 1993 అన్నాను. "మా డైనోసార్‌కు పేరు పెట్టింది 1988ల!" అంది గర్వంగా. నిజమే. ప్రాణహిత ప్రాంతంలో, నాటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలకు 'కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్' అని యాదగిరి అనే శాస్త్రవేత్త పేరు పెట్టారు. దాదాపు ముప్పై అడుగుల పొడవు, ఆకులలములు తినే సాధు జంతువు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్సు సెంటర్‌లో నిలబడి ఉంది. "చదువుకున్నోళ్లందరు పోయినట్టే అది గూడ హైదరాబాద్ పోయింది" అని ఆ అమ్మాయి అంటే పకపకా నవ్వాం. నవ్వు అయిపోయాక తెలిసింది, ఆమె కూడా వచ్చే నెల అక్కడికే కోచింగ్‌కు వెళ్తోందని.

అప్పటిదాకా వింటున్న ఖని కుర్రాడు అందుకున్నాడు. "2504ల మనుషులు రేడియేషన్‌కు భయపడి భూమి లోపల ఉంటరని జూపెట్టిండ్రు గదా? గండ్ల వింతేమున్నదన్నా? మా నాయిన ముప్పై ఏండ్లు బాయిలనే ఉన్నడు!"

సింగరేణి బొగ్గు సుమారు ఇరవై అయిదు కోట్ల ఏళ్ల కిందటి అడవుల అవశేషం. డైనోసార్లు కూడా అప్పటికింకా పుట్టలేదు. రోజూ నెత్తిన లైటు పెట్టుకుని అంత పాత కాలంలోకి దిగి, షిఫ్టు అయిపోగానే ఇవాళ్టికి పైకొచ్చే మనిషిని మించిన కాలయాత్రికుడెవరు చెప్పండి! ఆ బొగ్గుతోనే రామగుండంలో కరెంటు పుడుతోంది. ఆ కరెంటుతోనే తెర మీద బొమ్మ ఆడుతుంది.

"మరి ఒక్క కథల గూడ మా ఊరు లేదేందన్నా? 2024ల 'కల్కి'ల కాశి ఉన్నది. ఇంగ్లీషు సిన్మాలల్ల న్యూయార్క్ మునుగుతది, కాలుతది. బొగ్గు ఒడిసినంక మా ఖని ఏమైతదో ఎవలన్న జూపెట్టిండ్రా?" అన్నాడు. అది సరదాకు అడిగిన ప్రశ్న కాదు. వాడి వయసు ఇరవై రెండు. తండ్రి చేసిన పని తనకు దొరుకుతుందో లేదో, దొరికినా ఎన్నాళ్లుంటుందో తెలియని వయసు. వాడికి 2898తో పనిలేదు. ఇంకో ఇరవై ఏళ్ల తర్వాత ఏమిటన్నదే వాడి సైన్సు ఫిక్షన్!

పాఠక మిత్రులారా! కోట్ల బడ్జెట్ ఉంటేనే సైన్సు ఫిక్షన్ అని ఎవరన్నారు? గ్రాఫిక్సు తర్వాత సంగతి, ముందు కాగితం ఖర్చే. మీ బస్టాండు, మీ వాగు, మీ బాయి ఇంకో యాభై ఏళ్లకు ఎలా ఉంటాయో రాయండి. దుబాయి కొడుకు, హైదరాబాద్ వెళ్లిపోయిన డైనోసార్ అందులో ఉండాలి సుమా! కాలయంత్రం దానంతటదే మన ఊళ్లో ఆగదు. ఆర్టీసీ బస్సులాగా చెయ్యెత్తి ఆపాల్సిందే!