నడుము పట్టిన రైతుకు మర్దన చాలునా?

గత నాట్ల కాలమున చంద్రగిరి మండలములోని ఒక మడిగట్టుపై నిలిచి, కుదురుకు కుదురుకు మధ్య ఎంత దూరముండవలెనో కూలీలకు చెప్పుచుంటిని. పెద్దవయసు స్త్రీ ఒకతె నడుముపై చేయి వేసుకొని మెల్లగా లేచి, “వొంగినంత సేపూ తెల్దు సారూ, లేచేటప్పుడే ప్రాణం పోతాది” అన్నది. “ఇంట్లో ఎవరిచేతనైనా నూనె రాయించుకోరాదా అమ్మా?” అంటిని. “మా ఆయనకు పట్టేస్తే నేను రుద్దతాను. నాకెవురు రుద్దతారు?” అని మరల వంగినది. విత్తనము, ఎరువు, మందు మోతాదు అన్నియు చెప్పు నేను, ఆ నడుమును గూర్చి ఏనాడును ఆలోచింపలేదు.

మన ప్రాంతమున చేతివైద్యముపై నమ్మకము మెండు. విరిగిన ఎముకలకు వేయు పుత్తూరు కట్టు పేరు ఇతర రాష్ట్రములవారికిని తెలియును. అయితే పొలములో పట్టిన నడుము ఎముక విరిగినది కాదు. చాలమందిలో కండరములు, కీళ్ల చుట్టునున్న కట్లు అలసి బిగిసిన బాధయే అది. ఎక్కువమందికి కొలది వారములలో దానంతటదియే తగ్గును.

ఇట్టి నొప్పికి మర్దన మేలు చేయునా? చేయును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో వెలువరించిన సూచనలలో, దీర్ఘకాలపు నడుము నొప్పికి ఇవ్వదగిన చికిత్సలలో మర్దనను కూడ చేర్చినది. కాని అది ఇచ్చు ఉపశమనము కొద్దికాలమే నిలుచును. కావున వ్యాయామమును దానితో జోడింపవలెను. నడుము బెల్టులను మామూలుగా వాడవద్దని ఆ సూచనలే చెప్పుచున్నవి.

చేయు విధము సులభము. రోగిని బోర్లా పండుకొనబెట్టి, పొట్ట క్రింద పలుచని దిండు ఉంచవలెను. గోరువెచ్చని నువ్వుల నూనె రాసి, వెన్నెముకపై గాక దాని కిరుప్రక్కల కండలపై అరచేతితో నెమ్మదిగా ఒత్తవలెను. పిరుదుల కండలను విడువరాదు. పది పదిహేను నిమిషములు చాలును. ఒత్తిడి ఓర్చుకొనదగినదిగా ఉండవలెను. నొప్పి కాలిలోనికి దిగినచో ఆపవలెను. తరువాత వేడినీటి కాపడము పెట్టి, కొంత దూరము నడిపింపవలెను. రోజుల తరబడి మంచము పట్టుట హానికరము.

ఎదురుకాళ్లతో పుట్టినవారిచేత నడుముపై తన్నించుకొను అలవాటు ఇంకను కొన్ని యిండ్లలో కలదు. దీనిని మానవలెను. కాళ్లలో బలము తగ్గినను, తొడల మధ్య తిమ్మిరి పట్టినను, మలమూత్రములు అదుపు తప్పినను ఒక్క గంట కూడ జాగు చేయక ఆసుపత్రికి చేర్పవలెను. చెట్టు మీదనుండి పడిన పిదప వచ్చిన నొప్పికి, జ్వరముతో గాని బరువు తగ్గుటతో గాని కూడిన నొప్పికి మర్దన పనికిరాదు, వైద్యునకే చూపవలెను.

ఇక నా శాఖకు సంబంధించిన మాట. పైరు పసుపుబారినపుడు ఆకులపై మందు పిచికారి చేసిన కొన్నాళ్లు పచ్చబడును. నేలలోని లోపము సవరింపనిచో మరల పసుపుబారును. మర్దనయు అట్టిదే. రాత్రి రుద్దించుకొని తెల్లవారి అదే వంగుడు వంగిన, నొప్పి మరల వచ్చును. వరిని వరుసలలో నాటినచో నిలువుగా నడచుచు కోనోవీడరుతో కలుపు అణచవచ్చును. వేరుశనగలో సకాలమున గుంటక తోలిన చేతికలుపు తగ్గును. పొట్టి పిడి పనిముట్టుకు పొడవు పిడి వేయించుటకు వడ్రంగి చాలును. మూటను ఒకరు గాక ఇద్దరు పట్టి ఎత్తవలెను. గంటకొకసారి కూలీలు లేచి, నడుము వెనుకకు వంచి, నాలుగడుగులు వేయుటకు వీలు కల్పింపవలెను. ఆ రెండు నిమిషములు పని దొంగిలించుట కాదు.

పనిముట్లు కొనునపుడు ఎకరమునకు ఎంత కూలి మిగులునని లెక్క వేయుదుము. ఎవరి నడుము మిగులునని కూడ లెక్క వేయవలెనని నా అభిప్రాయము. గ్రామాధికారులు రైతు సమావేశములలో ఈ మాట ఎత్తవలెను. ఆ సమావేశములకు నాట్లు వేయు స్త్రీలను కూడ పిలువవలెను. రైతు సోదరులు ఈ రాత్రి నూనె గిన్నె అందుకొనునపుడు, ఇంటిలో మరియొక నడుము కూడ పొలమునుండి వచ్చినదని మరువరాదు.